మైకులో పిన్ నంబరు

మా ఇంట్లో డబ్బు కవర్లలో ఉంటుంది. చర్చిలో కానుక వేయడానికి ఇచ్చే కవర్లవి. పైన ‘కానుక’ అని అచ్చు వేసి, కింద పేరు, మొత్తం రాయడానికి రెండు గీతలు ఉంటాయి. సంవత్సరం మొదట్లో కుటుంబానికొక కట్ట ఇస్తారు, వారానికొకటి చొప్పున. ఏడాది చివర మా కట్టలో కొన్ని మిగులుతాయి. ఎందుకు మిగిలాయని పాస్టరు గారు అడగరు, మేమూ చెప్పం.

ఆ మిగిలిన వాటి మీద నా భార్య ‘బియ్యం’, ‘గ్యాస్’, ‘కరెంటు’, ‘మందులు’, ‘మాంసం’ అని రాసి, నెల మొదట్లో నోట్లు పంచుతుంది. కవరు ఖాళీ అయితే ఆ నెలకు ఆ ఖర్చు అయిపోయినట్టే. మాంసం కవరు ఇరవయ్యో తేదీ దాటి బతికిన నెల నాకు గుర్తు లేదు. గ్యాస్ కవరులోంచి తీసి మాంసం కవరులో వేయడం మా ఇంట్లో నేరం. ఆ నేరం నేను ఒక్కసారి చేశాను. నెలాఖరుకు పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కట్టెలు నాచేతే కొట్టించింది.

రెండేళ్ల కిందటి దాకా ఈ పద్ధతి లేదు. నేను రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు బాగుచేస్తాను. నీళ్లలో గాలి కలిపే చక్రాలవి. అవి గంటసేపు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, గుంట యజమాని నా మీద పడతాడు. ఇల్లు బిట్రగుంటలో, పాత రైల్వే క్వార్టర్లకు అవతల. పని మాత్రం అల్లూరు నుంచి జువ్వలదిన్నె దాకా ఎక్కడ చక్రం ఆగితే అక్కడ. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాకు ఒక్కతే కూతురు, నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

ఒకరోజు గుంట గట్టు మీదికి టై కట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. బూట్లు బురదలో కూరుకుపోతున్నా నవ్వు తగ్గించలేదు. క్రెడిట్ కార్డు తీసుకోమన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఆ ఎండలో, ఆ టైతో అంత దూరం వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం నాకు మనసొప్పలేదు. నాలుగుచోట్ల సంతకాలు పెట్టాను.

కార్డు వచ్చిన కొత్తలో అందరిలాగే వాడాను. పెట్రోలు బంకులో కారు దిగని పెద్దమనుషులు కార్డు కిటికీలోంచి ఇచ్చి, నంబరు కేకేసి చెప్పడం రోజూ చూసేవాణ్ని. నేనూ బైకు మీద కూర్చునే చెప్పేవాణ్ని. బంకులో పనిచేసే ఆయన నాలుగోసారికి నన్నడగడం మానేసి, తనే నొక్కేవాడు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

తర్వాత ఫోన్‌లో ఒక సైటులో బేరింగులు, ఆయిల్ సీళ్లు చవగ్గా దొరుకుతుంటే కొన్నాను. ‘మీ కార్డు వివరాలు దాచమంటారా’ అని ఆ సైటు అడిగింది. మర్యాదగా అడిగింది కదా అని సరేనన్నాను. రెండు వారాల తర్వాత నేను నడుం లోతు నీళ్లలో ఉండగా, గట్టు మీద ఫోన్ మూడుసార్లు మోగింది. ఎక్కి చూస్తే, నేను పేరు కూడా పలకలేని ఊళ్లో, ఏదో హోటల్లో, నా కార్డు మూడు రాత్రులు బస చేసింది. పదకొండు వేల పైచిలుకు. ఓటీపీ రాలేదేమని బ్యాంకుకు ఫోన్ చేస్తే, విదేశాల్లో అన్నిచోట్లా అది అడగరని, విదేశీ వాడకం మీట నా కార్డులో తెరిచే ఉందని చెప్పారు. అలాంటి మీట ఒకటుందని నాకు ఆ పూటే తెలిసింది.

ఫిర్యాదు రాసిచ్చాక కార్డు మార్చి ఇచ్చారు, రెండు నెలలకు ఆ డబ్బు తిరిగొచ్చింది. నా భార్య దగ్గర నా పరువు మాత్రం రాలేదు.

“నువ్వు నెల్లూరులో లాడ్జీలో కూడా దిగనోడివి. నీ కార్డు పొయ్యి యాడనో హోటల్లో దిగినాది. ఇంక డబ్బు సంగతి నేను చూసుకుంటా, నువ్వు చక్రాలు చూసుకో పో” అంది. ఆ రోజునుంచే ఈ కవర్లు.

అన్నిటికంటే లావైనది ‘కాలేజీ’ కవరు. కూతురి ఆఖరి సంవత్సరం ఫీజు నలభై ఐదు వేలు. చెప్పిన తేదీలోపు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే పరీక్ష లేదు, ఏడాది పోతుంది. నా భార్య ఎనిమిదో తరగతిలో ఉండగా, ఫీజు కట్టలేదని ఒకరోజు బడి వరండాలో నిలబెట్టారట. మర్నాడు ఆమె వెళ్లలేదు, ఆ తర్వాత కూడా వెళ్లలేదు. ఈ సంగతి ఆమె నాకు పెళ్లయిన పదేళ్లకు చెప్పింది, అదీ ఒక్కసారే. అందుకని కాలేజీ కవరు జోలికి నేను ఎంత కరువులోనూ పోలేదు.

కార్డుకు కూడా ఒక కవరు ఉంది. దాని మీద ‘అవసరానికి’ అని రాసింది. ఫీజు తేదీ నాటికి కాలేజీ కవరులో ఎంత తక్కువ పడితే అంత కార్డు మీద కట్టాలి, అంతకుమించి కార్డుకు మా ఇంట్లో పని లేదు. ఫీజుకు ఇంకా మూడు వారాలు ఉందనగా కవరులో ఇరవై ఏడు వేలు ఉన్నాయి. మిగతా పద్దెనిమిది వేలకు కార్డు ఉంది కదా అని ఇద్దరం ధైర్యంగానే ఉన్నాం.

అప్పుడు కోత పండుగ వచ్చింది.

వరికోతలయ్యాక మా చర్చిలో ప్రతి ఇంటివాళ్లూ తమ మొదటి పంటలో కొంత తెచ్చి దేవుడికి అర్పిస్తారు. ఆరాధన అయిపోయాక అవన్నీ ఆవరణలో పెట్టి వేలం వేస్తారు. ఆ సంవత్సరం వడ్ల బస్తాలు, కోడిపుంజులు, వంకాయల బుట్టలు, ఐసుపెట్టెలో రెండు కిలోల రొయ్యలు, జువ్వలదిన్నె నుంచి వచ్చిన ఒక పెద్ద వంజరం చేప ఉన్నాయి. మా ఇంటి తరఫున నా భార్య పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చింది. వేలంలో ఎవరూ సరుకు ధర చూసి పాడరు. పక్కవాడి ముఖం చూసి పాడతారు. పాడిన డబ్బు వచ్చే కోత పండుగలోపు ఎప్పుడిచ్చినా సరే, రాసుకుంటారు. అందుకే అందరికీ అంత ధైర్యం.

ఆ ఉదయం ‘అవసరానికి’ కవరులోంచి కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకంటే సరైన కారణం లేదు. జేబులో ముప్పై రూపాయలతో వేలం దగ్గర నిలబడటం నాకు నచ్చలేదు, అంతే.

గుమ్మడికాయ వంతు వచ్చింది. వేలం వేస్తున్నది మా సంఘపెద్ద, రిటైరైన బడిపంతులు. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో కాయ పట్టుకుని వంద అన్నారు. అల్లూరులో రొయ్యల మేత అమ్మే డీలరు ముందు వరసలో కుర్చీ వేసుకుని ఉన్నాడు.

“వందెందుకయ్యా దానికి? యాభై చాల్లే. లోపల పుచ్చిందో ఏమో ఎవరు చూసినారు” అన్నాడు.

నలుగురు నవ్వారు. ఆడవాళ్ల వైపు చూశాను. నా భార్య నవ్వలేదు. నాలుగు నెలలు పాత్రలు కడిగిన నీళ్లు పోసి పెంచిన తీగ అది. నేను ఐదొందలన్నాను. ఆయన ఆరొందలన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం గుమ్మడికాయ సంగతి మర్చిపోయాం. మూడు వేల దగ్గర నా భార్య లేచి నిలబడింది. కూర్చోమన్నట్టు చెయ్యి ఊపుతోందని అర్థమైంది. నేను అర్థం కానట్టు చూశాను. నాలుగు వేల రెండు వందల దగ్గర డీలరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మా పెరటి గుమ్మడికాయను నేనే కొన్నాను.

“రాసుకుంటా తమ్ముడూ, నిదానంగా ఇద్దువులే” అన్నారు సంఘపెద్ద.

అక్కడ ఆగి ఉండొచ్చు. వచ్చే కోతల దాకా గడువుంది. కాని డీలరు ముందు అప్పు రాయించుకోవడం నాకు చేతకాలేదు. కార్డు పైకెత్తి, “అప్పు లేదన్నా, ఇప్పుడే” అన్నాను. సాయంగా ఉంటుందని తన షాపులోని స్వైపింగ్ మెషిన్ తెచ్చిపెట్టింది కూడా ఆ డీలరే. సంఘపెద్ద గుమ్మడికాయ కిందపెట్టి మెషిన్ అందుకున్నారు, మైకు మాత్రం పెట్టలేదు. కళ్లద్దాలు సరిచేసుకుని, “నంబరు చెప్పు తమ్ముడూ” అని మైకు నా నోటి దగ్గర పెట్టారు.

చెప్పాను. స్పష్టంగా, ఒక్కో అంకే విడివిడిగా చెప్పాను.

మా చర్చి మీద నాలుగు లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. ఆరాధనకు రానివాళ్లకు కూడా వాక్యం అందాలని నాలుగు దిక్కులకూ కట్టారు. ఆ సమయానికి రైలు కూడా రాలేదు, అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ అంకెలు ఇక్కడ రాయను, ఈ ఒక్క చోటైనా నన్ను జాగ్రత్తపడనివ్వండి. మర్నాడు టీకొట్టాయన నాకు టీ ఇస్తూ వాటిని వరసగా చెప్పి, “సరిపోయిందాన్నా?” అని అడిగాడు. పొలానికి పోతున్న రైతు ఒకాయన, ఎన్నడూ చర్చి గడప తొక్కనివాడు, “మొదటి అంకె ఏడా మూడా, సరిగా వినపళ్ళా” అన్నాడు.

పిన్ ఒక్కటే అయితే మార్చుకుంటే సరిపోయేది. ఆ సంబరంలో గుమ్మడికాయ ఎత్తుకుని, కార్డు మెషిన్‌లోనే వదిలేసి ఇంటికొచ్చాను. అది సాయంత్రానికి ముగ్గురి చేతులు మారి తిరిగొచ్చింది. ముగ్గురూ మంచివాళ్లే. కాని దాని వెనకవైపు నంబరు ఎవరు చూశారో, ఎవరు ఫోటో తీశారో చెప్పగలిగేవాళ్లు లేరు. పాత కార్డు ఒకసారి హోటల్లో దిగివచ్చింది కాబట్టి నా భార్య పట్టుబట్టి, బ్యాంకుకు నాచేత ఫోన్ చేయించింది.

“మీ పిన్ ఇంకెవరికైనా తెలుసా సర్?” అని అడిగింది అవతలి అమ్మాయి.

“తెలుసండీ.”

“ఎంతమందికి సర్?”

“గాలి ఎటు వీచిందో దాన్నిబట్టి ఉంటుందండీ.”

 కార్డు ఆపేశామని, కొత్తది పోస్టులో వస్తుందని చెప్పింది. అది ఫీజు తేదీ లోపల రాలేదు. ఇప్పుడు పద్దెనిమిది వేలకు ఏ ఆధారమూ లేదు. పైగా గుమ్మడికాయ తాలూకు నాలుగు వేల రెండు వందల బిల్లు వేరే వస్తుంది.

నా భార్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. కవర్లన్నీ చాప మీద పరిచి, మాంసం, గ్యాస్, పండుగ బట్టల కవర్లలోని నోట్లు తీసి కాలేజీ కవరులో పెట్టింది. ఈస్టరుకు తెల్ల జాకెట్లు కుట్టడానికి ఎవరొచ్చినా కాదనకుండా ఒప్పుకుంది. నేను రెండేళ్లుగా అడగలేక వదిలేసిన రిపేరు బాకీలు గుంటగుంటకూ తిరిగి వసూలు చేశాను. డీలరుకు కూడా ఒక గుంట ఉంది, ఆయన దగ్గర పదహారు వందలు రావాలి. అవి ఇస్తూ ఆయన నవ్వలేదు, అది నాకు కొంచెం ఊరటగా ఉంది. ఆరు రోజులు గుమ్మడికాయ కూర తిన్నాం. లోపల పుచ్చు లేదు. ఆ మాట డీలరుతో చెప్పాను కూడా.

ఆఖరి తేదీ నాటికి నలభై ఐదు వేలు పూర్తయ్యాయి. ఒక్క కవరులో పట్టక మూడు కవర్లయ్యాయి. ఆ ఉదయమే రైలెక్కి నెల్లూరు వెళ్లాం. నా భార్య దారంతా సంచీని ఒళ్లో రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి కూడా చూడలేదు. నేను మాత్రం హుషారుగా ఉన్నాను. చేతిలో పూర్తి సొమ్ము ఉన్నవాడికి ఎవరి భయం?

కాలేజీలో ఫీజు కౌంటరు దగ్గర గాజు వెనక కూర్చున్నామె కవర్ల వైపు చూసి, గాజు మీద అంటించిన కాగితం వైపు వేలు చూపించింది. ఈ సంవత్సరం నుంచి ఫీజులు కార్డు ద్వారా గాని ఆన్‌లైన్లో గాని కట్టాలి, నగదు తీసుకోబడదు.

“డబ్బేనమ్మా ఇది” అన్నాను.

“తెలుసండీ. మేం తీసుకోం.”

అది రెండో శనివారం. బ్యాంకులు లేవు. నా ఖాతాలో ఆరువందల చిల్లర ఉంది. వీధి చివర డబ్బు వేసే మెషిన్ ఉందంటే పరిగెత్తాను. దానికి కూడా ఒక కాగితం అంటించి ఉంది, పనిచేయడం లేదని. కౌంటరు ఒంటిగంటకు మూస్తారు. గోడ గడియారంలో పన్నెండూ పది అయింది. నా భార్య బెంచీ మీద కూర్చుని కవర్ల వైపే చూస్తోంది. ఆమె ముఖం చూసి ఆ బడి వరండా గుర్తొచ్చింది. నాకు భయం వేసింది.

ఒక్కటే దారి కనిపించింది. వరసలో ఉన్నవాళ్లలో ఎవరైనా తమ కార్డుతో మా ఫీజు కడితే ఆ డబ్బు చేతికిస్తాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన్ని అడిగాను. ఆయన ఒక అడుగు వెనక్కేసి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఇట్టాంటివి పేపర్లో చదవతానే ఉండాం. పోవయ్యా” అన్నాడు.

ఒకామె హ్యాండ్‌బ్యాగు అటు భుజం నుంచి ఇటు భుజానికి మార్చుకుంది. ఇంకొకాయన నోట్లు దొంగవేమోనని వెలుతురుకు పెట్టి చూసి తిరిగిచ్చాడు. నన్ను అడిగినా నేనూ ఒప్పుకునేవాణ్ని కాదు. హోటల్ సంగతి జరిగాక ఎవరికీ కార్డు ఇవ్వొద్దని గుంటల దగ్గర పదిమందికి నేనే బోధించాను. అయినా కోపం ఆగలేదు. నా గొంతు పెరిగింది. వాచ్‌మన్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏంది పెద్దాయనా, కవర్లు చేతబట్టుకుని అందరి కార్డులూ అడగతా ఉండావంట? బయటికి నడువు.”

అప్పటికి పై అంతస్తు తరగతుల కిటికీల్లోంచి తెల్ల యూనిఫాం పిల్లలు తొంగిచూస్తున్నారు. మా అమ్మాయి వాళ్లలో ఉండకూడదని కోరుకున్నాను. ఉన్నా, చూడనట్టు పక్కకు తప్పుకుంటే బాగుండుననుకున్నాను. ఆ పిల్ల మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చింది. వాచ్‌మన్ చెయ్యి నా మోచేతి మీదనుంచి తీసేసి, అక్కడ తన చెయ్యి పెట్టింది.

“ఈయన మా నాయన” అంది, వరస మొత్తానికీ వినపడేలా. “మోసగాడు కాదు. ఫీజు నాదే. ఆ డబ్బు మా అమ్మ జాకెట్లు కుట్టి, మా నాయన గుంటల్లో దిగి సంపాదించింది. ఎవురన్నా సాయం చెయ్యండి, పన్నెండూ ముక్కాలు అయింది.”

వరస చివర పంచె కట్టుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. మెట్ట ప్రాంతం నుంచి మనవరాలి ఫీజు కట్టడానికి వచ్చాడట. ముందుకొచ్చి నా భార్య చేతిలోని కవరు చూశాడు.

“కానుకని రాసుండాది. దేవుడి సొమ్ము నాకొద్దమ్మా” అన్నాడు.

“కవరే దేవుడిదన్నా. లోపలంతా నా కుట్టుమెషిన్ సొమ్ము” అంది నా భార్య.

ఆయన బెంచీ మీద కూర్చుని నోట్లన్నీ నిదానంగా లెక్కపెట్టుకున్నాడు. తర్వాత బొడ్డు దగ్గర కట్టుకున్న సంచిలోంచి కార్డు తీసి కౌంటరు దగ్గరికి నడిచాడు. నంబరు నొక్కే ముందు ఒకసారి నా వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి, ముక్కు తగిలేంత దగ్గరగా గోడవైపు నిలబడ్డాను.

వెనక మెట్ల మీద ఆడపిల్లల అడుగులు వినిపించాయి. “ఎవురే ఆయన?” అని ఎవరో మెల్లగా అడిగారు.

“మా నాయన” అంది మా అమ్మాయి. ఈసారి ఆ మాట చెప్పాల్సిన అవసరం లేదు. ఫీజు పని అయిపోతోంది. ఆ పిల్ల గొంతు తగ్గించలేదు.

మెషిన్‌లోంచి రసీదు బయటికొచ్చిన చప్పుడైంది.

“అయిపోయిందన్నా. ఇంక ఇటు తిరుగు” అన్నాడు రైతు.

నేను తిరగలేదు. నాకు ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి కాస్త వ్యవధి కావలసి, ఆయన నంబరు ఇంకా చూడకూడదన్నట్టే గోడవైపు నిలబడి ఉన్నాను.